రక్తఫలకికల ఆయుర్దాయము

వ్రేలు తెగినపుడు నెత్తురు కొంతసేపటికి తనంతట నిలిచిపోవుట మనమెల్లర మెఱిగినదే. అప్పుడు మొట్టమొదట గాయమున కంటుకొని అడ్డుకట్ట వేయునవి రక్తఫలకికలు. వైద్యులు ప్లేట్‌లెట్లందురు. ఇటలీ దేశస్థుడైన బిజ్జొజెరో పండితుడు 1882లో వీని పనిని వివరించెను. వీనికి కేంద్రకము లేదు. మన దేహములో 8 మొదలు 10 దినములవఱకు మాత్రమే బ్రదుకును.

దాత యిచ్చిన ఫలకికలను నిలువచేయుట మిక్కిలి కష్టము. ఎఱ్ఱకణములు 4 డిగ్రీల చలిలో 42 దినములవఱకు నిలుచును గదా, ఇవియు నట్లే యనుకొందుము. కాదు. చలి తగిలిన ఫలకిక తన పళ్లెపు రూపు విడిచి గుండ్రనగును. దానిని రోగికెక్కించినను దేహము శీఘ్రముగ తొలగించివేయును. చలిలో నుంచినవాని ఆయువు తఱుగునని అమెరికాలో మర్ఫీ, గార్డ్‌నర్ అను పరిశోధకులు 1969లో తెలిపిరి.

అందుచే వీనిని 22 డిగ్రీలకడ, గాలి చొరగల ప్లాస్టిక్ సంచులలో నుంచి, ఉయ్యాలలోని బిడ్డనువలె ఎడతెగక ఊపుచుందురు. ఊపుట మానినచో ప్రాణవాయువు చాలక, తాము పుట్టించిన ఆమ్లములోనే అవి నశించును. ఆ వెచ్చదనమున సూక్ష్మజీవులు పెరుగు భయమును గలదు. కావున సాధారణముగ 5 దినములకు మించి యుంచరు. సోమవారమునాటి దానము మరుసటి సోమవారమున, రక్తపు కేన్సరుకు మందు పుచ్చుకొని ఫలకికలు క్షీణించిన రోగికి అక్కఱకు రాదు. ఆసుపత్రివారు మాటిమాటికి దాతలకై కబురంపుట యిందుచేతనే.