జాగిలము మొదలు అలర్కము వఱకు

పంటచేనికిని, పశువులపాకకును, ఇంటివాకిటికిని కావలిగా నుండు కుక్కకు గల పేళ్లు అనేకములు. పూర్వులు దానియం దేయే గుణములను గనిరో యా పేళ్లే తెలుపుచున్నవి.

"కుక్క" యనునది మన వాడుకమాట. పొరుగున తమిళులును మలయాళులును "నాయ్" అనియు, కన్నడిగులు "నాయి" అనియు నందురు. వేట మరగిన కుక్క "జాగిలము". దొంగల జాడ తీయు పోలీసుకుక్కలను నేడు పత్రికలవా రీపేరుతోనే వ్రాయుచున్నారు. ఇంగ్లీషున "హౌండ్" అను పదము మొదట కుక్కల కన్నిటికిని చెల్లెడిది. పిమ్మట "డాగ్" అను మాట ప్రబలుటచే అది వేటకుక్కలకు మాత్రము మిగిలెను. ఈ "హౌండ్", లాటిను "కానిస్", సంస్కృత "శ్వన్" శబ్దము ఏకమూలజన్యములని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మన "శునకము"ను "శ్వానము"ను ఆ శ్వన్ శబ్దమునుండి పుట్టినవే.

అమరకోశమున మఱికొన్ని పేళ్లు గలవు. మొఱుగునది గావున "భషకము". మృగములను కఱచునది గావున "మృగదంశకము". కులమునకు, అనగా ఇంటికి, చెందినది గావున "కౌలేయకము". "సారమేయము" అనగా సరమ సంతతి. పణులు దాచిన గోవుల జాడ కనిపెట్టిన యింద్రుని దూత సరమ యని ఋగ్వేదమువలన తెలియుచున్నది. పశువులమందకును కుక్కకును గల పొత్తు అంత ప్రాచీనము.

ఆ కోశముననే "అలర్కము" అను పదము గలదు. అది వెఱ్ఱికుక్కకు పేరు. దానికి వేఱుగా నొక పేరుండుటయే ఆ భయ మెంత పాతదో తెలుపును. అట్టి కుక్క కఱచినవాడు నీటికి జడియుట మరణచిహ్నమని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. దానికి "జలత్రాసము" అని పేరు. గ్రీకుమూలమైన "హైడ్రోఫోబియా" అను మాటకును నీటిభయ మనియే యర్థము. 1885వ సంవత్సరము జూలై నెలలో పారిసున పాశ్చరు పండితుడు తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేయించి కాపాడెను. 1907లో దక్షిణదేశమున కూనూరునందు ఈ చికిత్సకై పాశ్చరు సంస్థ వెలసెను.

"కుక్కకాటునకు చెప్పుదెబ్బ" యను సామెత తగవులలో చెల్లును గాని కాటు విషయమున చెల్లదు. కాటుపై కారము, సున్నము, పసరు పూయరాదు. సబ్బుతో, పాఱునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి టీకా ప్రారంభింపవలెను. చెప్పిన దినములలో తక్కిన మోతాదులను విడువక వేయించుకొనవలెను. గాయము చిన్నదని యుపేక్షింపరాదు. జలత్రాసము పొడచూపిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి యరుదు. ఎద్దును గాని, గేదెను గాని కుక్క కఱచినచో పశువైద్యునికి వెంటనే తెలుపవలెను. కావలికుక్కకు ఏటేట టీకా వేయించుట రైతు మఱువరాని పని.