అన్నము తగ్గించినవారి ఉదరస్థితి



నేటి నా ప్రసంగవిషయము నలుగురిలో చెప్పుకొనుటకు కొంత సంకోచము కలిగించునట్టిది. అయినను మన ప్రాచీన వైద్యులు మలప్రవృత్తినిగూర్చి నిస్సంకోచముగ వ్రాసిరి. నాడి పట్టుకొన్న వైద్యుడు మొదట అడుగునది ఆకలినిగూర్చి, పిదప అడుగునది విరేచనమునుగూర్చి. కావున నేనును దాపరికము లేక చెప్పెదను.

చుట్టును వరిచేలును, ఊరిలో బియ్యపుమిల్లులును గల మా మండపేటలో అన్నము మానుట యన్నది పూర్వము ఏకాదశినాటి మాట. ఇప్పుడట్లు కాదు. 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణగారి ఆహారపద్ధతి తెలుగువారిలో మిక్కిలి వ్యాపించినది. అన్నము, రొట్టె, పప్పు, పండ్లు, పంచదార విడిచి, దినమునకు 70 మొదలు 100 గ్రాముల వరకు కొబ్బరినూనె, నెయ్యివంటి క్రొవ్వును పుచ్చుకొని, నాలుగు లీటర్ల నీరు త్రాగి, మూడు నిమ్మకాయల రసము సేవించుట అందలి ముఖ్యాంశములు. దానిని మెచ్చినవారును కలరు, తప్పుబట్టిన వైద్యులును కలరు. ఆ వాదములోనికి నేను పోను. పిండిపదార్థములను తగ్గించి క్రొవ్వును హెచ్చించుట క్రొత్త సంగతి కాదు. 1921లోనే అమెరికాలో మూర్ఛరోగులకు ఇట్టి ఆహారమును విధించిరి. ఆ ఆహారము తీసికొను పిల్లలలో తరచుగ కనబడు ఇబ్బంది మలబద్ధమే.

మా వీధిలో దంపతులొకరు ఒకేనాడు అన్నము మానిరి. వారము తిరుగకమునుపే ఆయనకు మలబద్ధము, ఆమెకు విరేచనములు! ఒకే వంటయిల్లు, ఒకే నూనెడబ్బా. ఇదేమి చిత్రమని ఇరుగుపొరుగువారు నవ్వుకొనిరి. విచారించి చూడగా చిత్రమేమియు లేదు. ఆయన పూటపూటకు కుండెడన్నము తినినవాడు, నీరు త్రాగుట తక్కువ. ఆమె ఉదయమున పరగడుపున గ్లాసులో కొబ్బరినూనె పోసికొని ఒక్క గుక్కలో మ్రింగెడిది. రెండు అవస్థలకును వేరువేరు కారణములు కలవు.

ముందు మలబద్ధము మాట. అన్నమును మనము గట్టి ఆహారమని తలతుము. నిజమునకు వండిన అన్నములో మూడింట రెండువంతులు నీరే. దినమునకు 400 గ్రాముల బియ్యము తినువానికి అది కిలో పైబడిన అన్నమగును. అందు దగ్గర దగ్గర ముప్పాతిక లీటరు నీరు, అతడు త్రాగకయే, కడుపులోనికి పోవుచున్నది. పులుసు, చారు, మజ్జిగ చేర్చిన ఇంకను హెచ్చు. అన్నము మానిననాడు ఈ నీరంతయు లేకపోయినది. నేను నీళ్లు ఎప్పటివలెనే త్రాగుచున్నానుగదా యని ఆయన అనుచుండెను. ఎప్పటివలె త్రాగుటయే అచ్చటి లోపము.

అంతియేకాదు. పిండిపదార్థముల శక్తిని శరీరము కాలేయమున సుమారు 100 గ్రాములు, కండరములలో సుమారు 400 గ్రాములు గ్లైకోజన్ రూపమున దాచుకొనును. అందు ఒక్కొక్క గ్రాముతోను ఇంచుమించు మూడు గ్రాముల నీరు అంటియుండును. అన్నము మానిన కొలదిదినములలో ఈ నిలువ తరుగును. దానితో నీరును పోవును. ఇన్సులిన్ తగ్గుటవలన మూత్రపిండములు ఉప్పునుగూడ హెచ్చుగ వెడలగొట్టును. తొలి వారమున ఒకటి రెండు కిలోలు తగ్గితినని త్రాసు చూచి సంతోషించువారు అందు చాలభాగము నీరేయని గ్రహింపవలెను. శరీరము నీటికి కఱవుపడినపుడు పెద్దప్రేగు మలములోని నీటిని మరింతగ పీల్చుకొనును. మలము గట్టిపడును.

ఇక పీచు సంగతి. అన్నము పోయినందున పీచు పోయినదని పలువురు చెప్పుదురు. ఇది పూర్తిగ సరికాదు. మిల్లు పట్టిన తెల్లబియ్యములో పీచు 100 గ్రాములకు మూడు గ్రాములకు లోపే. కందిపప్పులో సుమారు 9 గ్రాములు కలదు. నిజముగ పోయినది అన్నము వెంట నడచు పరివారము. ముద్దలోనికి పప్పు, ముద్దలోనికి తోటకూర, గోంగూర, ముద్దలోనికి వంకాయ. ముద్దయే లేనినాడు కూర ఎంత తినగలము? నాలుగు గ్రుడ్లు, కొంత మాంసము, గరిటెడు నెయ్యి కడుపు నింపును గాని, ప్రేగులకు త్రోయుటకు సరకు ఇయ్యవు. కావున అన్నము తగ్గించువారు కూరను ఆధరువుగ గాక అన్నముగ తినుట నేర్వవలెను. బీర, ఆనప, పొట్ల, దొండ, బెండ, ఆకుకూరలు పళ్లెము నిండ ఉండవలెను. మన వంటలలో ఇది కష్టమైన పని. ఆ కారములు, ఆ ఉప్పులు అన్నమునుద్దేశించి వేసినవి. కారము తగ్గించి వండుకొనవలెను.

ఇచ్చట ఒక మాట. అరుగునది అంతయు అరిగి మిగులునది తక్కువైనపుడు విరేచనము దినము విడిచి దినము అగుట వింత కాదు. దినమునకు మూడుమారులు మొదలు వారమునకు మూడుమారుల వరకు అగుట సహజమని వైద్యులు చెప్పుదురు. ముక్కకుండ, నొప్పి లేక, మెత్తగ అగుచున్నచో అది మలబద్ధము కాదు. ఆ సంగతి తెలియక ఆముదము, సునాముఖి వెంటవెంట పుచ్చుకొనువారు లేని రోగమును తెచ్చుకొనుచున్నారు. విరేచనౌషధములు నీటిని, లవణములను ఇంకను లాగివేయును. ఇసబ్గోలు వాడువారు దానిని నిండుగ నీటితో పుచ్చుకొనవలెను. లేనిచో అదియే అడ్డుపడును.

రెండవ అవస్థ అతిసారము. క్రొవ్వు అరుగుటకు పైత్యరసము కావలెను. అలవాటు లేని కడుపులోనికి ఒక్కమారుగ పెద్దమొత్తము నూనె పోసిన అంతయు అరుగదు. మిగిలిన క్రొవ్వును, దానివెంట వచ్చిన పైత్యరసమును పెద్దప్రేగు చేరి నీటిని ఊరించును. కొబ్బరినూనెలో మరియొక విశేషము కలదు. అందలి క్రొవ్వులలో కొన్ని మధ్యమపు పొడవు గొలుసులు గలవి. అవి త్వరగ కాలేయమును చేరును. గుణమే యైనను, పరగడుపున హెచ్చుమోతాదున పుచ్చుకొన్న వికారమును, విరేచనమును తెచ్చును. కొబ్బరి మన కోనసీమ సొత్తే యైనను గ్లాసుతో త్రాగుటకు గాదు. పైన చెప్పిన ఆమె నూనెను చెంచాల లెక్కకు దించి, కూరలలో కలిపి తినసాగగానే నాలుగు దినములలో కుదుటపడినది.

వాయువు, త్రేనుపులు, మలమునకు క్రొత్త వాసన కలుగుటకు ప్రేగులలోని సూక్ష్మజీవులు మారుటయు ఒక కారణము. పీచును తిని బ్రతుకు కొన్ని జాతులు తగ్గును. నోట పండిన పండు వాసనవంటిది వచ్చుట వేరు. అది క్రొవ్వు కరగుటలో పుట్టు ఆసిటోను.

మరి చేయవలసినదేమి? చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయము కలదు. మలమూత్రాది వేగములను బిగబట్టరాదని చెప్పు అధ్యాయమది. ఆ అధ్యాయముననే, అలవాటైన ఆహారమును విడుచువాడు నాల్గవవంతు చొప్పున విడుచుచు, క్రొత్తదానిని నాల్గవవంతు చొప్పున గ్రహింపవలెనని, నడుమ దినముల వ్యవధి ఉంచవలెనని చెప్పబడినది. వ్యవధి లెక్కలో వ్యాఖ్యాతలు భేదించిరి. అరువది దాటిన మనకు ఒక్కొక్క పాదమునకు ఒక వారము పట్టుట మేలని నా అభిప్రాయము. అన్నము ముక్కాలు, తరువాత సగము, తరువాత పావు. రెండవ వారమున సగము వద్దనే కడుపు, రక్తపరీక్ష రెండును బాగున్న అచ్చటనే ఆగుట తప్పు కాదు. 2024లో హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ వారును ధాన్యములనుండి వచ్చు శక్తి 45 శాతమునకు తగ్గవలెననిరే గాని, అన్నము పూర్తిగ మానుమనలేదు.

నీరు హెచ్చుగ త్రాగవలసినదే. కాని గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు నాలుగు లీటర్ల మాట విని త్రాగరాదు. తమ వైద్యుడు చెప్పిన కొలతయే వారికి కొలత. ఉప్పు సంగతియు అంతే.

మందులు వాడువారు నా ఈ మాటను చెవిని పెట్టవలెను. మధుమేహమునకు ఇన్సులినుగాని, గ్లిమిపిరైడువంటి మాత్రగాని పుచ్చుకొనుచు అన్నము మానిన, చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడువారికి, చక్కెర హెచ్చకయే రక్తమున ఆమ్లము పెరిగి ప్రాణాపాయము రావచ్చును. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము దాని గుర్తులు. అది ఆహారము పడలేదని ఇంట కూర్చుండదగినది కాదు. రక్తపుపోటు మాత్రలవారికి లేచి నిలుచునపుడు కన్నులు తిరుగవచ్చును. మాత్రల మోతాదును వైద్యుడు సవరించిన పిదపనే అన్నము తగ్గింపవలెను.

మలమున రక్తము, తారువలె నల్లని మలము, కడుపుబ్బి వాయువైనను వెడలకపోవుట, క్రొవ్వు తిన్న తరువాత కుడిప్రక్కటెముకల క్రింద పోటు, కన్నులు పచ్చబడుట, నెల దాటినను నిలువని మార్పు – వీనిని ఆహారము మీదికి నెట్టరాదు. జిడ్డుగ, తెల్లగ, నీటిపై తేలు మలము కొంతకాలము సాగినను అంతే. పూర్వులు గ్రహణి యనుచుండినట్టి రోగములలో ఆ లక్షణమును చూచుచుండిరి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు ఇట్టిదే యగు స్ప్రూ వ్యాధితో మరణించిరి. ఆయనయు దానిచే బాధపడిరి. పిమ్మట ఆ వ్యాధి చికిత్సలో ఉపయోగపడిన ఫోలికామ్లమును 1945లో కృత్రిమముగ తయారుచేసినది ఆయన నడపిన పరిశోధకబృందమే.

తుదకు, తిరిగి అన్నమునకు వచ్చువారి మాట. సంక్రాంతికి కొడుకులు, కోడండ్రు వచ్చిరని ఒక్కనాడే పులిహోర, పరమాన్నము, అరిసెలు తినిన, పోయిన నీరు మరల చేరి రెండు దినములలో కిలోయో రెండు కిలోలో పెరుగును, కడుపుబ్బరమును కలుగును, మధుమేహులకు చక్కెర ఎక్కును. వచ్చునపుడును పాదాంశముగనే రావలెను. మొదటి వారము మధ్యాహ్నమున మాత్రము చారెడన్నము, పప్పుతోను కూరతోను. రాత్రి వండి చల్లారిన చద్దియన్నము మజ్జిగతో తినిన మేలు. చల్లారిన అన్నములో సులువుగ అరుగని పిండి కొంత ఏర్పడి, పెద్దప్రేగులోని సూక్ష్మజీవులకు ఆహారమగును. మన తరవాణి కుండను అటకమీదనుండి దింపుటకు ఇది తగిన సమయము.