ఇరుకు ఊరు, దూరపు ఇల్లు: కొన్ని అపోహలు, వాస్తవములు

పెన్న యొడ్డున పెరిగిన ప్రొద్దుటూరును గూర్చి మాట వచ్చినప్పుడెల్ల, ఊరు ఇరుకైపోయినదనియు, జనము క్రిక్కిరిసియుండుటయే దాని సకల కష్టములకు మూలమనియు, ప్రభుత్వము పూనుకొని ఊరిని నలుదిక్కులకు పరచినగాని సుఖము లేదనియు చదువుకొన్నవారు సైతము పలుకుచుందురు. దీనికి తోడు, స్వేచ్ఛావిపణిని సమర్థించువారందరును కార్లకును, ఊరికి దూరమైన విశాల గృహములకును పక్షపాతులనెడి మరియొక భ్రమయు వ్యాపించియున్నది. ఈ రెండును, వీనిని ఆశ్రయించుకొనియున్న మరికొన్ని అపోహలును విచారణకు నిలువవు.

జనసాంద్రత వ్యాధియనుట మొదటి అపోహ. 2011 జనాభా లెక్కలనాటికే లక్షా అరువది వేలు దాటిన ప్రొద్దుటూరు పురపాలకములో, బంగారు అంగళ్ల వీధిని ఒక్కపూట పరికించినవారికి మనుష్యుల సామీప్యము ఏమి సాధించునో తేటపడును. పెండ్లినగలకై వచ్చిన రైతుకుటుంబము ఒక అంగడిలో తరుగు, మజూరీ ఎంతయో అడిగి, నాలుగడుగులు వేసి ప్రక్క అంగడిలో సరిచూచుకొనును. బేరము కుదిరిన పిమ్మట ఆ పని సందులోని కంసాలి కుంపటి చెంతకును, అటనుండి రాళ్లు పొదుగువానికిని, ఆ తరువాత మెరుగు పెట్టువానికిని కాలినడకనే చేరును. ఈ దూరములు గజములలో ఉండుటచేతనే, పెట్టుబడి స్వల్పమైనవాడు సైతము ఒక్క పనిలో నైపుణ్యము సంపాదించి, దానితోనే సంసారము నడుపుకొనగలుగుచున్నాడు. ఇట్టి వీధిని ఏ ప్రణాళికాధికారియు గీయలేదు. తరతరముల వర్తకులు తమ తమ లాభనష్టములను యోచించుకొని ఒకరి చెంత నొకరు చేరుటవలన ఏర్పడినది. అచ్చట నిజముగా బాధించునది జనుల సంఖ్య కాదు; ఆ సంఖ్యకు తగినట్లు మురుగుకాలువయు, మంచినీటి గొట్టమును, నడకదారియు పెరుగకపోవుట. ఆ లోపమును మనుష్యులపై మోపుట అన్యాయము.

ఇల్లు వేరుగను పనిశాల వేరుగను ఉండవలెననునది రెండవది. పొగ గ్రక్కు కర్మాగారముల నడుమ పుట్టిన ఈ సూత్రమునకు అట్టిచోట్ల హేతువు కలదు. జమ్మలమడుగు చేనేతవారి యింటిలో మగ్గపు గుంట నడవలోనే యుండును. ఒకరు నేయుచుండగా మరియొకరు ప్రక్కనే కూర్చుండి కండెలు చుట్టుదురు, పొయ్యిమీది కుండను, ఊయలలోని బిడ్డను కనిపెట్టుచునే. నివాసమండలమనియు వృత్తిమండలమనియు పటముమీద రంగులు వేసి వీరిని విడదీసినచో, రెండు అద్దెలును, రెండు ప్రయాణములును వారి నెత్తిన పడును. కండెలు చుట్టిన చేతికి పని లేకుండపోవును.

అంతస్తులను కట్టడి చేసిననే ఊరు ఆరోగ్యముగా నుండునను మాటను గూర్చి కొంత నిదానముగా ఆలోచింపవలెను. బొంబాయి దీవినగరములో, 1991 నాటి నిబంధనల ప్రకారము, స్థలవైశాల్యమునకు 1.33 రెట్లకు మించి అంతస్తుల వైశాల్యము సాధారణముగా ఉండరాదని యుండెను. సముద్రము మూడువైపుల ఆవరించిన నేలమీద ఇట్టి నియమము పెట్టుట ఇండ్ల కొరతను చేజేతుల కొనితెచ్చుకొనుటయేయని ప్రపంచబ్యాంకులో చిరకాలము పనిచేసిన అలాన్ బెర్టో వంటి నగరశాస్త్రజ్ఞులు వాదించిరి. హైదరాబాదులోనో, 2006 మార్చిలో వెలువడిన 86వ నెంబరు జీవో ఈ నిష్పత్తినే తొలగించి, ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టును విడువవలసిన జాగాను బట్టి భవనపు ఎత్తును నిర్ణయించెను. పొరుగువాని గాలివెలుతురులకును, అగ్నిమాపక శకటమునకును సంబంధించిన నియమములు ఉండితీరవలెను; వానిని నేను తక్కువ చేయను. కాని, అనుమతి లేని కట్టడములను జరిమానాతో క్రమబద్ధీకరించు పథకమును మన రాష్ట్రములో 2007 చివరను, 2015లోను, 2019లోను మరల మరల ప్రకటింపవలసివచ్చెననగా, ఇల్లు కట్టుకొన్న సామాన్యులందరును దుర్మార్గులని తలంచుట కంటె, వారు పాటింపజాలని నిబంధన ఏదో అందున్నదని తలంచుట న్యాయము.

ఊరిబయట స్థలమిచ్చినచో ఇంటిసమస్య తీరినట్లేయనునది మరియొక నమ్మకము. 2020 డిసెంబరు 25న మన రాష్ట్రములో పేదలకు ఇంటిపట్టాల పంపిణీ ప్రారంభమైనప్పుడు, పట్టణములలో ఒక సెంటు, పల్లెలలో సెంటున్నర చొప్పున నిర్ణయించిరి. సెంటనగా సుమారు 48 చదరపు గజములు. ఇంత చిన్న స్థలములో కుటుంబము నివసింపగలదని ప్రభుత్వమే అంగీకరించినప్పుడు, బజారుకు చేరువలో అంతే స్థలమును తన సొమ్ముతో కొని, పైకి రెండు అంతస్తులు వేసుకొందునను కూలివానికి నిబంధనలు అడ్డురాకూడదు. అమెరికాలోని హ్యూస్టన్ నగరము 1998లో నడిబొడ్డు ప్రాంతమున కనీస స్థలపరిమితిని 5,000 చదరపు అడుగులనుండి 1,400కు తగ్గించుటతో, పలుచోట్ల ఒక్కొక్క పాత ఇంటి స్థానమున మూడేసి ఇండ్లు లేచినవి. దూరపు స్థలము వెల తక్కువే కావచ్చును. కాని ప్రతిదినమును రానుపోను చెల్లించు ఛార్జీయు, అందువలన పోవు పనిగంటలును ఆ వెలలో చేర్చి లెక్కింపవలసినవే.

ఛార్జీ మాట వచ్చినది గనుక షేరు ఆటోల సంగతి చెప్పవలెను. నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గము 2016లో ప్రారంభమగువరకు, ఇంతటి వర్తకకేంద్రమైన ప్రొద్దుటూరువారు రైలెక్కుటకు ఎర్రగుంట్లకు పోవలసియుండెను. వేళగాని వేళ ఆ దారిలో మనుష్యులను చేరవేసినవానిలో ఆటోలును, జీపులును కలవు. ఈ బండ్లవారిని ఆర్టీసీకి శత్రువులని నిందించుట వాడుక. వాస్తవమేమనగా, 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఆటోవంటి కాంట్రాక్టు బండి దారిపొడుగున మనుష్యులను ఎక్కించుకొనుచు దింపుచు పోరాదని శాసించుచున్నది. కావున ప్రజలు దినదినము కోరుచున్న సేవయే నేరమై, ఆటోవాడు నెలనెలా భయపడుచు బ్రదుకవలసివచ్చుచున్నది. పరిమితికి మించి ఎక్కించుట ప్రాణాంతకము, దానిని అరికట్టవలసినదే. నిర్ణీతసంఖ్యతో, బీమాతో షేరు ప్రయాణమునకే ప్రత్యేకపర్మిటు ఇచ్చినచో భద్రతయు, జీవనోపాధియు రెండును నిలుచును.

స్వేచ్ఛావిపణియనగా ప్రభుత్వము లేకుండుటయని తలంచుట చివరి అపోహ. వీధుల హద్దులు, మురుగు, నీరు, నిర్వివాదమైన దస్తావేజు, ఇవి లేనిదే ఏ విపణియు నడువదు. పులివెందులకు ప్రజాధనముతో రింగురోడ్డు వేయుట ప్రభుత్వమునకు తగిన పనియే. ఆ రోడ్డు ప్రక్క స్థలముగలవాడు చీనీకాయలకు గోదాము కట్టునో, దానిపై నాలుగు అద్దెయిండ్లు వేయునో, క్రింద టీ అంగడికి చోటిచ్చునో, అది అతని సొమ్ము, అతని లెక్క. మెట్లు వెడల్పుగా నున్నవా, మురుగు ఎటు పోవును, ప్రక్కవాని గోడకు చెరుపు కలుగదు గదా యని మాత్రము పురపాలకులు అడుగవలెను.