పాజిటివ్‌ అంటే క్యాన్సర్‌ కాదు!

'పాజిటివ్‌ అని రాశారు... అంటే క్యాన్సరేనా?' గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్న ఆడవాళ్లను హడలగొట్టే ప్రశ్న ఇది. అనకాపల్లి జిల్లా పూడిమడక లాంటి మత్స్యకార గ్రామంలో అయితే, ఆ కాగితం పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఓ రోజు చేపల బేరం మానుకోవాల్సిందే. అందుకే కొందరు దాన్ని మడిచి పెట్టెలో దాచేస్తారు. ఇంకొందరు 'గర్భసంచి తీయించేస్తే పోలా' అనుకుంటారు. రెండూ ప్రమాదమే!

ముప్ఫై నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో మార్గదర్శకాలిచ్చింది. అందుకు ఎంచుకున్నది వీఐఏ పద్ధతి. ముఖద్వారం మీద పల్చటి ఎసిటిక్‌ ఆమ్లం (వెనిగర్‌లో ఉండేదే) రాసి, నిమిషం ఆగి చూస్తారు. తెల్లమచ్చ తేలితే పాజిటివ్‌. ఇన్‌ఫెక్షన్‌ ఉన్నా అలా కనపడొచ్చు. కాబట్టి పాజిటివ్‌ అంటే 'ఇంకా పరిశీలించాలి' అని మాత్రమే అర్థం.

పాప్‌స్మియర్‌ రిపోర్టులో 'ఇన్‌ఫ్లమేటరీ' అని ఉంటే వాపు, ఇన్‌ఫెక్షన్‌ లాంటివేనని అర్థం. 'ఎల్‌సిల్‌' స్వల్ప మార్పు, చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. 'హెచ్‌సిల్‌' వస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. అదీ క్యాన్సర్‌ కాదు, వదిలేస్తే అటు దారితీయగలదు. ఇక హెచ్‌పీవీ వైరస్‌ చాలామందిలో రెండేళ్లలోపే పోతుంది. ఎప్పుడో సోకి ఏళ్ల తరబడి దాగి ఉండగలదు కూడా. దాన్ని పట్టుకుని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడం అన్యాయం!

తేడా నిజమో కాదో తేల్చేది కాల్పోస్కోపీ. ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే పరికరంతో పరిశీలించి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ముదిరిన మార్పులున్నా చాలాసార్లు ఆ భాగాన్ని మాత్రమే తొలగిస్తే సరిపోతుంది.

మన దగ్గర ఈ మెట్టు దాటేసి ఆపరేషన్‌కు పోవడమే భయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది! వీటిలో ఎక్కువ అధిక రక్తస్రావం కారణంగా జరిగినవే అనుకోండి. కానీ స్మియర్‌ కాగితం ఒక్కటే చూసి 'తీసేద్దాం' అంటే రెండో డాక్టరును అడగాల్సిందే. బయాప్సీ లేకుండా తీసేశాక, లోపల క్యాన్సర్‌ ఉన్నట్టు బయటపడితే వైద్యం మరింత చిక్కుపడుతుంది.

స్మియర్‌లో తీవ్రంగా ఉండి బయాప్సీలో ఏమీ లేదన్నా మరో అభిప్రాయం అవసరం. రిపోర్టు మామూలుగానే వచ్చినా కలయిక తర్వాత, ముట్లుడిగాక రక్తం కనిపిస్తే ఊరుకోవద్దు. హైదరాబాద్‌ దగ్గరి మేడ్చల్‌ మండలంలో 2,300 మందికి పైగా మహిళలకు వీఐఏ, పాప్‌, హెచ్‌పీవీ మూడూ చేశారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం, ముదిరిన మార్పులను ఎక్కువగా పట్టుకోలేకపోయింది వీఐఏనే.

పూడిమడక వాసులకు విశాఖ కేజీహెచ్‌ ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్‌ వారి హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రి ఇంకా దగ్గర. వెళ్లేటప్పుడు కాగితాలతోపాటు ల్యాబ్‌లోని గాజు స్లైడ్లు, బయాప్సీ బ్లాకులు అడిగి తీసుకెళ్లండి. ముక్క మళ్లీ తీయకుండానే వాటిని ఇంకో పెథాలజిస్టు చూడగలరు.