నూనెతో తోలు మెత్తబడుట యెట్లు?

పచ్చితోలును ఊరక యెండనిచ్చినచో, అందలి కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు తమ నడుమనున్న నీరు తొలగిపోగానే ఒండొంటి కంటుకొని, తోలు కొయ్యవలె బిఱుసెక్కును; మరల తడిసి నానినచో క్రుళ్లును. ఈ రెండు కీడులను నివారించు ప్రాచీనోపాయములలో తైలసంస్కార మొకటి. హోమరు మహాకవి ఇలియడ్ కావ్యమున, క్రొవ్వు పట్టించిన యెద్దుతోలును పలువురు వలయముగా నిలిచి లాగుచుండుటను ఉపమానముగా వర్ణించియున్నాడు.

అయినచో ఏ నూనెయైనను చాలునా? చాలదు. ఐరోపావారు షామీ యను మెత్తని తోలు చేయుటకు కాడ్ చేపనూనెనే యేల వాడిరనగా, అందలి అసంతృప్త క్రొవ్వు ఆమ్లములు గాలిలోని ప్రాణవాయువుతో సులభముగా కలిసి, ఆల్డిహైడులు మున్నగు పదార్థములుగా మాఱి, పోగులను పట్టి నిలుపును. మన కొబ్బరినూనెలో నట్టి యామ్లములు స్వల్పము గనుక అది తోలును కొంతకాలము మెత్తపఱచునే గాని సంస్కరింపజాలదు. షామీ చేయుటకు గొఱ్ఱెతోలు లోపలిపొరకు చేపనూనె పట్టించి, కొయ్యసమ్మెటలతో మర్దించి, వెచ్చని గాలిలో వ్రేలాడదీయుదురు. నూనె ప్రాణవాయువుతో కలియు ఈ మార్పునందు దానంతటదియే వేడి పుట్టును. అది మితిమీరినచో తోలు చెడును గనుక, అనుభవశాలియైన పనివాని చేయియే యిచట ప్రమాణము. మిగిలిన నూనెను క్షారజలముతో కడిగివేయుదురు. అట్లు వచ్చిన నూనెయు వ్యర్థము గాదు, ఇతర చర్మములను మెత్తపఱచుట కుపయోగపడును. నీటిని విరివిగా పీల్చు గుణము కలుగుటచేతనే షామీ తోలు అద్దములు తుడుచుటకు ప్రసిద్ధి కెక్కినది.

ఉత్తర అమెరికా ఆదివాసులు జింకతోలునకు నూనెకు మాఱుగా జంతువు మెదడును రుద్ది, ఆఱువఱకు లాగి సాగదీసి, పిమ్మట పొగవేయుదురు. పోగులను పట్టి నిలుపు ఆల్డిహైడులు పొగయందును ఉన్నవి. కావుననే పొగవేయని తోలు తడిసి యెండినచో మరల బిఱుసెక్కును.