పది అంటే ఎంత?

“గర్భసంచిలో గడ్డ ఉందట” అన్న మాట మన ఇళ్లలో కొత్తేమీ కాదు. చాలావరకు అది ఫైబ్రాయిడే. డాక్టర్లు లియోమయోమా అంటారు. గర్భసంచి కండరంలో పుట్టే గడ్డ, క్యాన్సర్ కాదు. కానీ అదే కండరంలో అరుదుగా లియోమయోసార్కోమా అనే క్యాన్సర్ కూడా పుడుతుంది. స్కానింగులో రెండూ ఒకేలా కనిపించొచ్చు. చాలాసార్లు అసలు సంగతి తేలేది ఆపరేషన్ అయ్యాక, మైక్రోస్కోపు కిందే.

మా పిన్ని పాథాలజిస్టు. ఎలా తేలుస్తారని అడిగితే, మామూలు రకం గడ్డల్లో మూడు విషయాలు చూస్తామంది.

మొదటిది, కణాల కేంద్రకాలు. అవి ఒకే తీరుగా ఉన్నాయా, లేక పెద్దవిగా, ముదురు రంగులో, వంకరటింకరగా ఉన్నాయా?

రెండోది, చచ్చిపోయిన కణాలు. రక్తం అందక ఫైబ్రాయిడ్‌లో కూడా కణాలు చస్తాయి. అప్పుడు బతికిన భాగానికీ చచ్చిన భాగానికీ మధ్య మానుతున్న గాయం లాంటి పొర ఉంటుంది. క్యాన్సర్‌లో ఆ పొర ఉండదు, గీత గీసినట్టు ఇటు బతికినవి, అటు చచ్చినవి.

మూడోది, విభజన జరుగుతున్న కణాల లెక్క. పది హై పవర్ ఫీల్డులలో పది, అంతకు మించి ఉన్నాయా?

1994లో స్టాన్‌ఫర్డ్ పాథాలజిస్టులు ప్రచురించిన పద్ధతి ఇది. మూడింట్లో కనీసం రెండు ఉంటే క్యాన్సర్ అంటారు. లెక్క ఒక్కటే ఎక్కువై మిగతా రెండూ లేకపోతే అది చురుగ్గా పెరుగుతున్న ఫైబ్రాయిడ్ కావచ్చు. ఎటూ తేలనివాటికి ‘స్టంప్’ అని మూడో పేరుంది. వాళ్లని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ ఉండాలి.

“పిన్నీ, పది ఫీల్డులంటే ఎంత వైశాల్యం?” అన్నాను.

“ఇంజనీరింగ్ వాడివనిపించావురా! అది మైక్రోస్కోపుని బట్టి ఉంటుంది” అంది.

నేను లెక్క కట్టాను. 40 రెట్ల లెన్సుతో, ఫీల్డ్ నంబరు 22 ఉన్న ఐపీస్‌లో కనిపించే వృత్తం వ్యాసం 0.55 మిల్లీమీటర్లు. పది ఫీల్డులు కలిపితే సుమారు 2.4 చదరపు మిల్లీమీటర్లు. ఐపీస్ నంబరు 18 అయితే వ్యాసం 0.45, మొత్తం 1.6 మాత్రమే. అంటే మొదటి మైక్రోస్కోపులో పది లెక్కకొచ్చిన గడ్డే రెండోదాంట్లో సగటున ఆరో ఏడో చూపిస్తుంది. గడ్డ మారలేదు, కొలబద్ద మారింది! అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 వర్గీకరణలో చదరపు మిల్లీమీటరుకి ఎన్ని అని కూడా చెప్పారు: నాలుగు, ఆపైన.

ఇదంతా ఎందుకంటే, ముందే తెలియకపోవడం వల్ల ప్రమాదం ఉంది. కీహోల్ ఆపరేషన్‌లో గడ్డని ముక్కలు చేసి తీసే మోర్సెలేటర్, లోపల దాగి ఉన్న క్యాన్సర్‌ని పొట్టంతా చల్లవచ్చని 2014లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా గడ్డ తీస్తే, పాథాలజీ రిపోర్టు వచ్చేదాకా “అయిపోయింది” అనుకోవద్దు. రిపోర్టు దాచండి. అనుమానం ఉంటే స్లైడ్లూ, మైనపు బ్లాకులూ అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకి చూపించవచ్చు. యూనిట్ లేని అంకెకి మన ల్యాబులో మార్కులే పోతాయి, అక్కడ పోయేది వేరు.