గర్భస్రావానంతరము గమనింపవలసినవి

పురుడు వచ్చిన యింట నెట్టి సందడి యుండునో మన సోదరీమణులకు చెప్ప నక్కఱలేదు. బాలింతకు వేఱుగా మంచము, వేడినీళ్లు, కాయము, పథ్యము. ఆమెను పని ముట్టనీయరు. గర్భస్రావము చేయించుకొని వచ్చిన స్త్రీకి వీనిలో నొక్కటియు లేదు. నిన్న ఆసుపత్రినుండి వచ్చినది, నేడు తెల్లవాఱకమునుపే పొయ్యియొద్ద నున్నది. అత్తగారికి చెప్పలేదు, తోడికోడలికి తెలియరాదు, తడిసిన గుడ్డలు ఎవరి కంటను పడరాదు. మేము తప్పొప్పుల విచారణకై వ్రాయుటలేదు. ఈ దాపఱికములో ప్రమాదచిహ్నములుకూడ దాగిపోవుచున్నవని చెప్పుటకే యీ నాలుగు మాటలు.

అర్హతగల వైద్యుల చేతిలో, తొలి వారములలో జరిగిన గర్భస్రావము సామాన్యముగా నిరపాయమైనది. పిమ్మట పొత్తికడుపున ముట్టునాటి నొప్పి వంటి నొప్పి, కొన్నిదినములు మొదలు రెండు వారములవఱకు రక్తస్రావము సహజము. మాత్రలు వాడినవారికి మొదటి దినమున ముట్టుకంటె నధికముగా, గడ్డలు గడ్డలుగా పోవును. యంత్రముతో గర్భాశయమును శుభ్రపఱచినచో నంత యుండదు. వేడినీళ్ల సంచితో కాపడము, వైద్యులు వ్రాసియిచ్చిన నొప్పిమాత్ర చాలును. 4 మొదలు 8 వారములలో మరల ముట్టగుదురు. చక్కగా జరిగిన గర్భస్రావమువలన ఇకముందు సంతానము కలుగదను భయము నిరాధారము.

అయితే ఎంత రక్తము పోయినచో భయపడవలెను? దీనికి వైద్యులు చెప్పు కొలత యొకటి కలదు. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసిపోవుచు, అట్లు వరుసగా రెండుగంటలు సాగినయెడల నిక నాలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. కాని గుడ్డను వెంటవెంటనే చాటుగా ఉతికి ఆరవేయు స్త్రీకి లెక్క యెక్కడిది? కావున గడియారము చూచి, మార్చిన వేళ నొక కాగితముపై గుర్తు పెట్టుకొనుడు. లేచినప్పుడు కన్నులు చీకట్లు క్రమ్ముట, చల్లని చెమటలు, గుండెదడ, మూర్ఛ కలిగినచో ఆ లెక్క పూర్తియగువఱకును ఆగరాదు.

జ్వరము సంగతి కొంచెము వివరింపవలెను. మిసోప్రోస్టాల్ అను మాత్రలు తీసికొన్న దినమున చలి, కొద్దిపాటి జ్వరము, విరేచనములు కలుగుట ఆ మందు గుణమే. 24 గంటలు గడచిన పిమ్మటను 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గాని, అంతకు మించి గాని జ్వరమున్నచో లోపల చీము పట్టుచున్నదని శంకింపవలెను. యంత్రముతో చేయించుకొన్నవారికి ఇట్టి గడువు లేదు. జ్వరము వచ్చిననే చూపించుకొనవలెను. దుర్వాసనతో స్రావము, మాత్రకు తగ్గని కడుపునొప్పి, ముట్టుకొన్న నోర్వలేని పొత్తికడుపు, ఇవియు నదే జాతివి. శొంఠి, కాయము తినుటచే హాని లేదు గాని, వానిని నమ్ముకొని జ్వరముతో మూడుదినములు పడియుండుటచే మిక్కిలి హాని.

దుకాణములో మాత్రలు కొని, వైద్యపరీక్ష లేకయే మ్రింగువారి విషయము మమ్ము మఱింత కలతపెట్టుచున్నది. పిండము గర్భాశయమున గాక దాని ప్రక్కనున్న నాళమున నిలిచినచో ఆ మాత్రలు దానిని తొలగింపజాలవు. నాళము పగిలి కడుపులోపలనే రక్తము కాఱును. మాత్రలు తిన్నను రక్తము కనబడకుండుట, లేక మిగుల స్వల్పముగా కనబడుట, ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి, భుజము కొనయందు నొప్పి, సొమ్మసిల్లుట దీని గుఱుతులు. వేవిళ్లు తగ్గకున్నను గర్భము నిలిచియున్నదేమోయని పరీక్ష చేయించుకొనవలెను. ఇంట చేసికొను మూత్రపరీక్ష కొన్ని వారములవఱకు గర్భమున్నట్లే చూపవచ్చును గనుక దానినే నమ్మరాదు.

పథ్యము పేరిట కడుపు మాడ్చుకొన నక్కఱలేదు. రక్తము పోయినది గదా. ఆకుకూరలు, రాగులు, పప్పు, తినువారు గ్రుడ్లు, మాంసము తినవలెను. ఇనుపధాతువు మాత్రలు వైద్యుల నడిగి తీసికొనవలెను. స్నానమునకు అభ్యంతరము లేదు. రెండుదినములైనను బరువులెత్తక విశ్రమించుట మంచిది. ఏదో సాకు చెప్పియైనను విశ్రమింపుడు. మఱియొకటి, పది దినములలోపలనే మరల గర్భము నిలువ వచ్చును. ఆసుపత్రినుండి వచ్చునాడే గర్భనిరోధమునకు తగిన యేర్పాటు అడిగి తెలిసికొనవలెను.

భయముచే ఆసుపత్రికి పోనివారికొక సంగతి. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండి స్వస్థచిత్తయైన స్త్రీకి తన సమ్మతియే చాలును; భర్త సంతకము వలదు. 2021 సవరణచే ఆమె పేరును, వివరములను చట్టమునుబట్టి అధికారము గలవారికి దక్క నితరులకు వెల్లడించుట శిక్షార్హమైన నేరమైనది. ఇంటిలో నందఱికి చెప్పవలెనని మేమనము. అక్కగాని, పొరుగింటి పిన్నిగాని, భర్తగాని, నమ్మదగిన యొక్కరికి తెలిసియుండవలెను. స్పృహ తప్పినవేళ 108 కి ఫోను చేయువారు కావలెను గదా. ఏనాడు, ఎన్ని వారములకు, ఏ మాత్రలు ఎన్ని తీసికొన్నదియు గుడ్డల లెక్క వ్రాసిన కాగితముననే వ్రాసి, దానిని వారి చేతికిచ్చి యుంచుడు.